ఏడుసార్లు దొరికిన దమయంతి

మా ఆవిడ అలివేలు పత్రిక మూసేస్తానని చెప్పిన రోజు మా ఇంట్లో కాకరకాయ వేపుడు. ఆ మాటా ఆ కూరా రెండూ కలిసి నాకు గొంతు దిగలేదు.

పత్రిక పేరు ‘చిటికెడు’. నెలకో సంచిక, ముప్పై రెండు పేజీలు. ఇంకా జరగనివీ, జరిగే వీల్లేనివీ, రేపో ఎల్లుండో జరిగిపోతాయేమోనని భయపెట్టేవీ మాత్రమే అందులో ఉంటాయి. కథయితే నూట యాభై మాటలు దాటకూడదు, కవితయితే పది పంక్తులు. పదకొండేళ్లుగా విశాఖపట్నంలో మా ఇంటి వరండాలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు నుంచి నాలుగు దాకా, పడక్కుర్చీలో కూర్చుని ఆవిడ వాటిని చదువుతూ వచ్చింది. ఎవరూ పేరు వినని రచయితల్ని వెతికి పట్టుకోవడం ఆవిడకు పిచ్చి. పాడేరులో ఒక నర్సు, బొబ్బిలిలో వీణలు చెక్కే ఒకాయన, తునిలో పశువుల డాక్టరు. ఇలాంటి వాళ్ల కోసమే మొదటి పేజీకి ‘తొలి అడుగు’ అని పేరు పెట్టి, అంతకుముందు ఎక్కడా అచ్చుకాని వాళ్లకే అది దక్కాలని నియమం పెట్టింది. ఎవరు పాతో ఎవరు కొత్తో రాసిపెట్టుకున్న పుస్తకమంటూ ఏమీ లేదు. అందరూ ఆవిడ బుర్రలోనే ఉండేవారు.

ఇంకొక అలవాటు ఉంది. ఎవరి రచనైనా నచ్చితే, కుర్చీలోంచి లేవకుండా, టీ కూడా తాగకుండా, ఆ వేడి మీదే ఆ మనిషికి కార్డు రాయాలి. ఆకుపచ్చ సిరా. మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: “మీరెక్కడున్నారండీ ఇన్నాళ్లూ?”

“ఇప్పుడేమైందని మూసేయడం?” అన్నాను.

“ఏమీ కావట్లేదు. అదే బాధ,” అంది అలివేలు. “రెండో వాక్యానికే ‘ఇది చదివిందే’ అనిపిస్తోంది. మరమనిషి ఏడుస్తాడు, చదివిందే. అంతరిక్షంలో అమ్మ చేతి పచ్చడి గుర్తొస్తుంది, చదివిందే. నిన్నొక అమ్మాయి రాసింది. బాగానే రాసుంటుంది పాపం. నాకేమీ అనిపించలేదండి. రాయిలా కూర్చుని వాళ్ల రాతలు తూచడం తప్పు కదూ.”

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ఏడవడం చూశాను, అలగడం చూశాను, నా మీద గరిటె విసరడం కూడా చూశాను. ఏమీ అనిపించకపోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

నా ఉద్యోగం మెదళ్లతో. మా ప్రయోగశాలలో నేనూ పరదేశినాయుడూ కలిసి జ్ఞాపకం మీద పనిచేస్తాం. అప్పటికి నాలుగేళ్లుగా ఒక తలపట్టీతో కుస్తీ పడుతున్నాం. నుదుటికి కట్టుకుంటే దాని మీద నీలం దీపం వెలుగుతుంది. దీపం వెలిగినంతసేపూ, అంటే ఇరవై నిమిషాలు, మనం విన్నవీ చదివినవీ దాచుకునే గదికి తలుపు రెండు వైపులా మూసుకుంటుంది. పాతవి బయటికి రావు, కొత్తవి లోపలికి పోవు. మన పేరు, మనవాళ్లు, మన భాష అన్నీ మామూలుగానే ఉంటాయి. దీపం ఆరాక మాత్రం ఆ ఇరవై నిమిషాలూ మనకు జరగనట్టే.

దాన్ని నా మీదే పరీక్షించుకున్నాం. పరదేశి మామగారు మొదటిసారి లిఫ్టు ఎక్కినప్పుడు చెప్పులు బయట విడిచి ఎక్కారట. నాలుగో అంతస్తులో దిగి, పది నిమిషాలు అక్కడే నిలబడి, “నా చెప్పులు తర్వాతి లిఫ్టులో వస్తాయా నాయనా?” అని అడిగారట. పరదేశి ఈ సంగతి నాకు వారం పాటు రోజుకోసారి, పట్టీ కట్టి చెప్పాడు. ఏడు రోజులూ కుర్చీలోంచి జారిపడేలా నవ్వానని వీడియోలో ఉంది. ఏడో రోజున నా నవ్వు మొదటి రోజు కన్నా ఒక సెకను ఎక్కువే. చెబుతున్న పరదేశి మాత్రం ఏడుపు మొహంతో ఉన్నాడు.

“గురువుగారూ, ఇది మంచిదేనంటారా?” అన్నాడు వీడియో కట్టేస్తూ.

“నవ్వించేది చెడ్డదెలా అవుతుందయ్యా?” అన్నాను. అప్పటికే నా మనసు మా వరండాలో ఉంది.

పట్టీ కట్టుకుని అలివేలు చదివిన మొదటి కథ ఏదో నాకు గుర్తులేదు. ఆవిడ చదువుతున్న తీరు గుర్తుంది. కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది. సగంలో “అయ్యో” అంది. చివర్లో కాగితాన్ని గుండెకు ఆనించుకుని, “ఏమండీ, మనుషులకు ఇవన్నీ ఎక్కణ్నుంచి తడతాయండీ?” అంది. పదకొండేళ్ల కిందటి అలివేలు నా ఎదురుగా కూర్చుంది. నేను వంటింట్లోకి వెళ్లి ఎందుకో రెండుసార్లు మంచినీళ్లు తాగాను.

పద్ధతి కుదిరింది. రచనలు నా దగ్గరికి వస్తాయి. పేర్లు చించి దాచి, వాటి మీద అంకె వేసి ఇస్తాను. ఆవిడ పట్టీతో చదివి, నచ్చినదానికి చిన్న చీటీ తగిలిస్తుంది. దీపం ఆరాక తను చదివిందేమిటో ఆవిడకు తెలీదు. చీటీలో తన చేతిరాత ఏం చెబితే అదే తీర్పు. నచ్చినప్పుడు దీపం ఉండగానే నన్ను పేరడిగి, వేడి మీదే కార్డు రాసేస్తుంది. పోస్టు చేయడం నా పని. చివరికి అచ్చయి వచ్చిన సంచికను కూడా పట్టీ కట్టుకునే చదవసాగింది. బయటి పాఠకురాలిలా ఉంటుందట.

రెండో నెలలో ముప్పై ఏడో అంకె వచ్చింది. ఒక రైల్వే గేటు కథ. గేటు పడింది, రైలు రాలేదు. జనం అరవై ఏళ్లు అక్కడే ఆగారు. అక్కడే పెళ్లిళ్లు, అక్కడే పురుళ్లు. ఆగినవాళ్లలో ఒకతను తెరవని గొడుగు చంకలో పెట్టుకుని ఒకమ్మాయి పక్కన నిలబడి ఉంటాడు. చివరికి రైలు వచ్చి వెళ్లిపోయింది. గేటు తీస్తామంటే ఎవరూ ఒప్పుకోలేదు.

“ఎవరండీ ఈవిడ?” అంది అలివేలు.

పేరు చూశాను. లెంక దమయంతి, పొందూరు దగ్గర రైల్వే గేటులో ఉద్యోగం. గేటు వేశాక రైలొచ్చేలోపు బుర్రలో కథ అల్లుకుంటుందట, గేటు తీశాక రాసుకుంటుందట. అందుకే అవి అంత పొట్టివి.

“గేటులో కూర్చుని గేటు మీదే రాసిందా? నేను కనిపెట్టానండీ ఈవిణ్ని. చూస్తూ ఉండండి, పెద్ద రచయిత్రి అవుతుంది,” అని ఆకుపచ్చ కలం తీసింది. మీరెక్కడున్నారండీ ఇన్నాళ్లూ.

మరుసటి నెల దమయంతి ఒక కవిత పంపింది.

ఆకాశంలో తిరిగే ఇంట్లో
తెల్లారగట్ల లేచి ఆవిడ
కళ్లాపి చల్లింది.
నీళ్లు కింద పడలేదు.
తేలుతున్న నీటి బొట్ల మధ్య
వేలితో గీతలు కలిపి
ముగ్గు పూర్తి చేసింది.
గోడకున్న గొడుగు అడిగింది:
మరి నేనెందుకు?

“ఎవరండీ ఈవిడ?” అంది అలివేలు.

పేరు చెప్పాను. ఆవిడ కళ్లు విప్పారాయి. “గేటులోనా? నేను కనిపెట్టానండీ ఈవిణ్ని,” అంది. కలం తీసింది. మీరెక్కడున్నారండీ ఇన్నాళ్లూ.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ ఆ మొహంలో ఉన్న వెలుగు చూసి మూసుకున్నాను. ఈ ఒక్కసారికి అనుకున్నాను. ఆ ‘ఒక్కసారి’ పది నెలలు సాగింది.

తప్పంతా నాదే కాబట్టి దాన్ని దాచడం కూడా నాకే వచ్చింది. ‘తొలి అడుగు’ పేజీలో ఒక నెల ‘లెంక దమయంతి’ అని అచ్చు వేశాను. ఇంకో నెల ‘ఎల్. దమయంతి’. ఆ తర్వాత ‘దమయంతి, పొందూరు’. “తొలి అడుగులో ఈ దమయంతులెవరండీ, అంతా ఒకేలా రాస్తున్నారు?” అని తుని పశువుల డాక్టరు ఉత్తరం రాస్తే, ఆ పేరు అటువైపు ఎక్కువండీ అని జవాబిచ్చాను. ముప్పై నాలుగేళ్ల సైన్సు ఉద్యోగంలో నేను చెప్పిన మొదటి అబద్ధం అదీ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ పది నెలల్లో ఆవిడ పట్టీతో ఉన్నప్పుడు నాకు కథలు పైకి చదివి వినిపించేది. ఇద్దరం కలిసి నవ్వేవాళ్లం. ఒకసారి ఒక కథకు ఇద్దరం చేతులు పట్టుకుని ఏడ్చాం. పెళ్లయిన కొత్తలో కూడా మేమంత దగ్గరగా కూర్చోలేదు. దీపం ఆరాక ఆవిడ చేతిని చూసుకుని, “ఇదేమిటి, నా చెయ్యి ఎందుకు పట్టుకున్నారు?” అని అడిగింది. ఆ పది నెలల మంచి రోజులన్నీ నా ఒక్కడి దగ్గరే మిగిలిపోయాయి. పంచుకోవడానికి ఇంట్లోనే మనిషి ఉంది, కానీ లేదు. నాకు దిగులుగా ఉండేది.

దమయంతి మూడో రచన ‘మంగళవారం వాన’. కావాల్సిన వానను ఫోనులో అడిగి తెప్పించుకునే రోజులు. ఒక ముసలావిడ వాన కంపెనీకి ఫోను చేసి, “1987 జూలై పద్నాలుగు, మంగళవారం సాయంత్రం కురిసిన వాన కావాలి బాబూ” అంటుంది. అంత పాతది ఎందుకమ్మా, కొత్తవి మంచివున్నాయి అంటారు వాళ్లు. “ఆరోజు మా ఆయన సంబంధం చూసుకోవడానికి వచ్చి, వెళ్లిపోబోతూ గొడుగు తెచ్చుకోలేదని ఆగిపోయారు. వాన తగ్గేలోపు మాటలు కలిశాయి. లేకపోతే వెళ్లిపోయేవారే. ఆ వానకు నేను మొక్కుకోలేదు ఇప్పటిదాకా,” అంటుంది.

ఈ కథకు అలివేలు చీటీలో “వెయ్యాలి, వెయ్యాలి, వెయ్యాలి” అని మూడుసార్లు రాసింది. దీపం ఆరాక ఆ చీటీ చూసి, “ఏం చదివానో గానీ భలే చదివానండీ,” అని నవ్వింది.

నాలుగు, అయిదు, ఆరు వచ్చాయి. ఆరింటికీ ఆరు కార్డులు వెళ్లాయి. ఏడోది పోయిన ఫిబ్రవరిలో వచ్చింది. ఇంట్లో ఏ వస్తువును ఎన్నిసార్లు వాడారో చెప్పే మిషను గురించి. మొగుడు పోయిన ముసలావిడ ఇంటికి దాన్ని తెస్తారు. రాగి చెంబు, లక్షా పన్నెండు వేలసార్లు. దువ్వెన, ఇరవై రెండు వేలసార్లు. ఆయన కళ్లజోడు, లెక్కకు అందలేదు. చివరగా అటక మీద దొరికిన గొడుగును దాని ముందు పెడతారు. కొన్న తేదీ 1987 జూలై పదమూడు. వాడింది, సున్నా. ఆవిడ గొడుగు పట్టుకుని కూర్చుండిపోయింది. అక్కడితో కథ అయిపోయింది.

నేను మూడో కథ తీసి తేదీ సరిచూసుకున్నాను. మంగళవారానికి ముందు రోజు సోమవారం. గొడుగు ఉండీ లేదన్నాడు మహానుభావుడు.

అలివేలు ఆ కాగితం రెండుసార్లు చదివింది. “చెంబూ దువ్వెనా ఎంత బాగున్నాయండీ. ఈ గొడుగొక్కటే అతకలేదు. ఏమిటో ఆ తేదీ,” అని, ఆ నాలుగు వాక్యాలూ కొట్టేసింది. కార్డులోనూ అదే రాసింది. మీరెక్కడున్నారండీ ఇన్నాళ్లూ, గొడుగు మాత్రం తీసేసి వేస్తున్నాం.

అతకకపోవడమేమిటి, అదే కథ అని చెప్పడానికి నా దగ్గర ఒకే దారి ఉంది. మూడో కథ చూపించాలి. చూపిస్తే పది నెలల దొంగతనం బయటపడుతుంది. నేను కాగితం తీసుకుని, గొడుగు లేకుండానే ప్రెస్సుకు పంపాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు నా మీద అసహ్యం వేస్తుంది.

సంచిక వెళ్లిన పదో రోజున, మధ్యాహ్నం రెండుంపావుకి, మా గేటు దగ్గర ఒకావిడ నిలబడింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చేనేత చీర, భుజానికి సంచీ, చేతిలో మడతపెట్టిన ‘చిటికెడు’. అలివేలు అప్పుడే పట్టీ కట్టుకుని కుర్చీలో కుదురుకుంటోంది.

“అలివేలు మేడమ్ గారి ఇల్లు ఇదేనాండి? నా పేరు దమయంతండి. గేటులో పనిచేస్తాను.”

నేను చేతిలోని కాగితాలు గబగబా వెనక్కి దాచుకున్నాను. అలివేలు మాత్రం చక్కగా నవ్వి, “రండి రండి. ఏ గేటమ్మా?” అంది.

దమయంతి కూర్చోలేదు. సంచీలోంచి ఏడు కార్డులు తీసి, పేకముక్కల్లా టీపాయి మీద పరిచింది. అన్నీ ఆకుపచ్చ సిరావే. అన్నిట్లోనూ మొదటి వాక్యం ఒకటే.

“మొదటి కార్డు వచ్చినప్పుడు మా గేటు దగ్గర ఆగినోళ్లందరికీ చూపించేనండి. పాల వ్యాను అతను మిఠాయి పెట్టేడు. రెండోది వచ్చినప్పుడు మేడమ్ గారి పద్ధతి ఇదే కాబోలనుకున్నాను. మూడోదానికి అనుమానం వచ్చింది. అయినా రాసేను. ఎందుకంటే నేను రాస్తున్నది ఏడు కథలు కాదండి, ఒకటే. ఆ గొడుగు మనిషి కథ. ముక్కలుగా రాసేను. గేటు పడి లేచే టైములో అంతకన్నా పెద్దది నా వల్ల కాదు. ఏడో ముక్కలో గొడుగు గుట్టు తెరుచుకుంటాది. అది మొదటినుంచీ చదివినోళ్లకే తెలుస్తాది. మొదటినుంచీ చదివినోళ్లు మీరొక్కరే అనుకున్నాను.” చేతిలోని సంచికను కార్డుల పక్కన పెట్టింది. “మీరు ఆ గొడుగే తీసేసేరు. నా పేరు కూడా నెలకో రకంగా వేసేరు. నేను మీకు ఎన్నిసార్లు దొరకాలండి మేడమ్?”

అలివేలు కార్డులు ఒక్కొక్కటీ తీసి చూసింది. తన రాతే. తన వేడే. తేదీలు చూసింది. నా వైపు చూసింది. నా మొహంలో జవాబు దొరికినట్టుంది, ఇంకేమీ అడగలేదు. నెమ్మదిగా చెయ్యెత్తి నుదుటి మీది పట్టీని తడుముకుంది.

“ఇది కూడా పోతుంది కదూ?” అంది. “ఇప్పుడీ అమ్మాయి చెప్పింది కూడా.”

“పోతుంది,” అన్నాను. “ఇప్పుడు పట్టీ తీసేసినా ఇది నిలవదు.”

అలివేలు చీటీ తీసుకుంది. గబగబా ఏదో రాసింది. మడిచి నా చేతిలో పెట్టింది. “దీపం ఆరాక నాకివ్వండి,” అంది. ఆ తర్వాత దమయంతి చెయ్యి పట్టుకుని, “నన్ను క్షమించమ్మా. ఇంకో అయిదు నిమిషాల్లో నేను నిన్నెవరని అడుగుతాను. నువ్వు వెళ్లిపోకు,” అంది.

ఆ అయిదు నిమిషాలూ నేను దీపం వైపే చూశాను. నా గుప్పిట్లో చీటీ ఉంది. అలివేలు నీలం దీపం కింద దమయంతినే చూస్తూ కూర్చుంది, గుర్తుండదని తెలిసీ గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు. దీపం ఆరింది. ఆవిడ ఒకసారి కళ్లు నులుముకుంది. బుగ్గల మీద తడి చూసుకుని ఆశ్చర్యపోయింది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి ఎంతో మర్యాదగా నవ్వింది.

“ఎవరండీ మీరు? మంచినీళ్లు తాగుతారా?”

దమయంతి మొహం నేను చూడకుండా ఉండాల్సింది. వినడం వేరు, ఎదురుగా జరగడం వేరు. ఆవిడ అలివేలు నవ్వును కాసేపు చూసింది. అందులో కపటం లేదని ఆవిడకూ తెలిసింది. తర్వాత కార్డులు ఒక్కొక్కటీ ఏరి సంచీలో పెట్టుకుంది.

“ఏం లేదండి. అడ్రసు తప్పి వచ్చేను,” అంది. “మేడమ్ గారు సంతోషంగా ఉన్నారు, ఉండనివ్వండి సార్.”

ఆవిడ రెండు మెట్లు దిగింది. నేను గుప్పిట విప్పకపోతే చాలు, రేపు మధ్యాహ్నం కూడా అలివేలు కాళ్లు ముడుచుకుని కూర్చుని “అయ్యో” అంటుంది. నాకు అదెంత కావాలో దేవుడికే తెలుసు. కానీ ఆ చీటీ మా ఆవిడ నన్ను నమ్మి నా చేతిలో పెట్టింది. పట్టీ ఉన్న అలివేలైనా లేని అలివేలైనా, నమ్మింది నన్నే.

“దమయంతిగారూ, ఆగండి,” అని, చీటీ అలివేలుకు ఇచ్చాను.

ఆవిడ విప్పి చదివింది. నాకూ కనిపించింది. “ఈ అమ్మాయి దమయంతి. ఈవిణ్ని ఏడుసార్లు కనిపెట్టి ఏడుసార్లు పారేసుకున్నాను. ఎనిమిదోసారి వద్దు. పట్టీ తీసి మొదటినుంచీ చదువు.”

తన చేతిరాతతో వాదించే అలవాటు అలివేలుకు లేదు. పట్టీ విప్పి నా ఒళ్లో పడేసింది. “మీతో తర్వాత మాట్లాడతాను,” అంది నాతో. ఆ ‘తర్వాత’ మూడు రోజులు నడిచింది, దాని సంగతి వదిలేయండి. దమయంతిని చెయ్యి పట్టుకుని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. నేను లోపలికి వెళ్లి ఏడు కాగితాలూ వరసలో పెట్టి తెచ్చాను. ఏడోది దమయంతి రాసినట్టే, గొడుగుతో సహా.

అలివేలు పైకి చదవసాగింది. గేటు కథకు తల ఊపింది. కళ్లాపి కవితకు చిన్నగా నవ్వింది. పట్టీతో చదివినప్పటి కేరింతలు లేవు. పదకొండేళ్ల చదువరి, తూచి తూచి చదువుతోంది. దమయంతి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. నాకైతే పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టే ఉంది.

‘మంగళవారం వాన’ సగంలో అలివేలు ఆగింది. వెనక్కి వెళ్లి మొదటి కాగితం తీసింది, రెండోది తీసింది. “గొడుగు,” అంది. “ఇక్కడ చంకలో ఉంది. ఇక్కడ గోడకుంది. ఇక్కడ తెచ్చుకోలేదంటున్నాడు.” ఇంకేమీ అనకుండా చదువుకుంటూ పోయింది. నాలుగో దానిలో గొడుగు ఎక్కడుందో వేలుపెట్టి తనే వెతికింది. అయిదో దానిలో దొరకక కంగారు పడితే దమయంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. గుమ్మం వెనకాల ఉందని చూసుకుని అలివేలు కూడా నవ్వేసింది.

ఏడోది వచ్చింది. చెంబు. దువ్వెన. కళ్లజోడు. కొన్న తేదీ 1987 జూలై పదమూడు.

అలివేలు కాగితం కిందికి దించింది. “పదమూడా,” అంది. “ఇది చదివిందే. ఆ వాన పద్నాలుగున కదండీ కురిసింది. నేను చదివిందే ఇది.” ఆవిడ గొంతు పెద్దదయింది. “గొడుగు ముందురోజే కొన్నాడు. ఉండి కూడా లేదన్నాడు. దొంగ. ఆవిడతో ఉండిపోవడానికి. అరవై ఏళ్లు గేటు దగ్గర నిలబడ్డదీ ఆవిడ పక్కనే.”

సరిగ్గా ఆ ‘చదివిందే’ అన్న మాటకే, ఏడాది కిందట పత్రిక మూసేద్దామనుకుంది. ఇప్పుడు అదే మాట అంటూ ఏడుస్తోంది, నవ్వుతోంది, దమయంతిని భుజాలు పట్టి ఊపుతోంది. నాకు అప్పుడు తెలిసింది. ఆవిడకు పోయింది కొత్తదనం కాదు. వందమంది మనుషుల వందల కథలు హడావిడిగా తూచేస్తూ, ఒక మనిషి వెంట నడిచి వెళ్లడం మానేసింది. దానికి మందుగా నేను ఆవిణ్ని ఇంకా తొందరగా మర్చిపోయేలా చేశాను. నా తెలివికి నాకే దండం పెట్టాలనిపించింది.

“చూసేరా సార్,” అంది దమయంతి నాతో. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. “తెలిసిపోయింది ఆవిడికి.”

మార్చి సంచికలో ఏడు ముక్కలూ వరసగా వేశాం, గొడుగుతో, ‘లెంక దమయంతి’ అనే ఒకే పేరుతో. కింద నా క్షమాపణ. అలివేలు దాన్ని మూడుసార్లు తిరగరాయించింది, ఏడుపు ఎక్కువైందని. తుని పశువుల డాక్టరు రెండు పేజీల ఉత్తరం రాశాడు, గొడుగు గురించి. పట్టీని పరదేశి ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాడు. కాలిన గాయాలకు కట్లు మార్చేటప్పుడు ఆ ఇరవై నిమిషాల నొప్పి రోగులకు గుర్తుండకపోతే మేలంటున్నారు అక్కడి డాక్టర్లు. దానికి అసలైన చోటు అదేననిపిస్తోంది. అలివేలు ఇప్పుడు ఒక రిజిస్టరు పెట్టింది. ఒక్కో రచయితకు రెండు పేజీలు. రాయిలా ఉండే మధ్యాహ్నాలు ఇప్పుడూ ఉన్నాయి. ఆ రోజు రిజిస్టరు తిరగేస్తుంది, “ఈ నర్సు పోయినేడాది కన్నా ఎంత బాగుపడిందో చూడండి,” అంటుంది.

మొన్న మే నెలలో శ్రీకాకుళం వెళ్తూ పొందూరు దాటాక కారు ఆపాల్సి వచ్చింది. గేటు పడింది. పచ్చజెండా పట్టుకుని నిలబడ్డది దమయంతే. మమ్మల్ని చూసి కళ్లతోనే పలకరించింది, డ్యూటీలో ఉంది కాబట్టి కదల్లేదు. గూడ్సు బండి చాలా పొడుగ్గా ఉంది. అది వెళ్లి గేటు తీశాక, కారు పక్కకు పెట్టి ఆవిడ గదిలోకి వెళ్లాం. ఫోను, జెండాలు, లాంతరు, చిన్న బల్ల. గోడకు ఒకే ఒక్క కార్డు, అద్దం కట్టించి మరీ.

“ఆ ఏడు కార్డులూ ఏవీ?” అన్నాను.

“పెట్టెలో ఉన్నాయండి. ఇది ఎనిమిదోది,” అంది దమయంతి. “ఆగిన ప్రతివోళ్లకీ చూపిస్తన్నాను. ఇంత మంచి కార్డు ఇంకెవరికైనా వచ్చిందా ఏటి అని అడుగుతున్నాను.”

అలివేలు సిగ్గుపడి కిటికీలోంచి పట్టాల వైపు చూడసాగింది. నేను కళ్లజోడు సవరించుకుని చదివాను. ఆకుపచ్చ సిరానే. మీరెక్కడున్నారండీ ఇన్నాళ్లూ అన్న వాక్యం మాత్రం లేదు.

“దమయంతీ, ఈసారి పంపింది బాగాలేదు. వెయ్యను. నువ్వు ఇంతకన్నా బాగా రాస్తావని నాకు తెలుసు.”